ఎవరు అడిగారు, ఎవరి ముందు అడిగారు? సర్వేలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రజాభిప్రాయ సర్వేల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా ఊళ్లో ఎన్నికల ముందు రాత్రి డబ్బు పంచారని అందరికీ తెలుసు. మా విద్యార్థులు ఇంటింటికీ వెళ్లి ‘మీకు డబ్బు ఇచ్చారా?’ అని అడిగితే వందలో ఇద్దరు ముగ్గురు తప్ప ఒప్పుకోలేదు. ఇలాంటి విషయాన్ని సర్వేతో తేల్చడం అసలు సాధ్యమేనా? – డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, నల్లగొండ

సాధ్యమే. కానీ అడిగే పద్ధతి మార్చాలి. మీకు ఎదురైన ఇబ్బందే మధ్య అమెరికా దేశమైన నికరాగ్వాలో 2008 స్థానిక ఎన్నికల తర్వాత పరిశోధకులకూ ఎదురైంది. నేరుగా అడిగినప్పుడు ఓటు కోసం కానుక అందిందని ఒప్పుకున్నవారు 2.4 శాతం. అదే సర్వేలో జాబితా పద్ధతిలో అడిగితే లెక్క 24 శాతం తేలింది. రెండూ ఒకే దేశం, ఒకే ఎన్నిక. మారింది ప్రశ్న అడిగిన తీరు ఒక్కటే.

జాబితా పద్ధతి ఇలా ఉంటుంది. జవాబిచ్చేవారిని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేస్తారు. మొదటి గుంపుకు నాలుగు విషయాలు చదివి వినిపిస్తారు. ఉదాహరణకు: పార్టీ వాళ్లు ఇంటికొచ్చి ఓటు అడిగారు, మీరు ఏదో ఒక పార్టీ సభకు వెళ్లారు, మీ గోడ మీద పోస్టర్ అంటించారు, అభ్యర్థి స్వయంగా మీకు ఫోన్ చేసి మాట్లాడారు. ‘వీటిలో ఏవి జరిగాయో చెప్పొద్దు, ఎన్ని జరిగాయో మాత్రం చెప్పండి’ అంటారు. రెండో గుంపుకు ఈ నాలుగింటితో పాటు ఐదోది కలుపుతారు: ‘ఓటు కోసం డబ్బో, చీరో, మరొకటో ఇచ్చారు’. మొదటి గుంపు సగటు 1.90, రెండో గుంపు సగటు 2.15 వచ్చిందనుకోండి. తేడా 0.25. అంటే నూటికి 25 మందికి ముట్టిందని అంచనా. ఎవరికి ముట్టిందో సర్వే చేసినవారికి కూడా తెలియదు. ఆ భరోసా ఉంటేనే జనం నిజం చెబుతారు.

ఇందులో పొరపాట్లు నాలుగు చోట్ల జరుగుతాయి. మొదటిది, జాబితాలో పెట్టే విషయాలు. నాలుగూ అందరికీ జరిగేవే అయితే రెండో గుంపులో ‘ఐదు’ అన్నవాళ్లు డబ్బు తీసుకున్నట్టు బయటపడిపోతారు. అందుకే వెనక్కి తగ్గి ‘నాలుగు’ అనేస్తారు. నాలుగూ ఎవరికీ జరగనివైనా చిక్కే, ‘ఒకటి’ అంటే అది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. దాదాపు అందరికీ జరిగేది ఒకటి, దాదాపు ఎవరికీ జరగనిది ఒకటి, మధ్యస్థంగా ఉండేవి రెండు పెట్టండి. రెండోది, చదువుతుంటే మధ్యలోనే ‘ఆఁ, అది జరిగింది’ అని బయటికి చెప్పేయడం. పల్లెల్లో ఇది చాలా ఎక్కువ. జవాబిచ్చేవారి గుప్పిట్లో ఐదు చింతగింజలు పెట్టి, జరిగిన ప్రతిదానికీ ఒక గింజను వీపు వెనక రెండో చేతిలోకి మార్చుకోమనండి, చివర్లో ఆ చేతిలో ఎన్ని ఉన్నాయో చెబితే చాలు. చదువురాని వారికీ ఇది వెంటనే అర్థమవుతుంది. మూడోది, ఏ ఇంటికి ఏ ఫారం అన్నది విద్యార్థి ఇష్టానికి వదిలేయడం. ట్యాబ్ అయితే అదే నిర్ణయించాలి, కాగితమైతే ఫారాలు ముందే కలిపి వరుస నంబర్లు వేసి ఇవ్వాలి.

నాలుగోది శాంపిల్ పరిమాణం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నేరుగా అడిగే ప్రశ్నకు 1,200 మంది ఉంటే అంచనా సుమారు 3 శాతం అటూ ఇటూగా ఉంటుంది. జాబితా పద్ధతిలో అదే 1,200 మందిని 600 చొప్పున విడగొడితే తేడా పరిధి 11 శాతం దాటుతుంది. అంటే 25 వచ్చిందంటే అసలు సంఖ్య 14 నుంచి 36 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మీ విద్యార్థులు 200 ఇళ్లు తిరిగి ఈ పద్ధతి వాడితే ఫలితానికి అర్థమే ఉండదు. ఇంకొక్క మాట: ఇది ‘ఇచ్చారా’ అన్నదానికే జవాబు. తీసుకున్నవారంతా ఇచ్చినవారికే ఓటేశారని దీన్నిబట్టి రాయకండి. ఆ తప్పు పత్రికల్లో తరచూ కనిపిస్తోంది.

ప్రశ్న: ఒక సంక్షేమ పథకంపై జరిగిన సర్వేలో 90 శాతం పైగా ‘చాలా బాగుంది’ అన్నారు. సర్వే చేసింది ఆ పథకాన్ని అమలు చేసే సిబ్బందే. అడిగేవారు ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుందా? – విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం

మారుతుంది, ఊహించనంతగా మారుతుంది. మళ్లీ నికరాగ్వాకే వెళ్దాం, ఈసారి 1990కి. అధికారంలో ఉన్న శాండినిస్టాల నేత డేనియల్ ఒర్టెగా పెద్ద ఆధిక్యంతో గెలుస్తారని చాలా సర్వేలు చెప్పాయి. ఫిబ్రవరి 25న ఓట్లు లెక్కిస్తే ప్రతిపక్ష అభ్యర్థి వియోలెటా చమోరోకు 55 శాతం, ఒర్టెగాకు 41 శాతం వచ్చాయి. ఎన్నికకు ముందు ఇద్దరు పరిశోధకులు అక్కడ చిన్న ప్రయోగం చేశారు. సర్వే చేసేవారి చేతికి మూడు రకాల పెన్నులిచ్చారు: ఒకటి శాండినిస్టాల రంగులతో, ఒకటి ప్రతిపక్ష కూటమి ‘ఊనో’ రంగులతో, ఒకటి ఏ పార్టీదీ కానిది. ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకటే. ఊనో పెన్నుతో రాసుకున్నవారికి చమోరో ముందంజలో ఉన్నట్టు తేలింది. శాండినిస్టా పెన్నుకు ఒర్టెగా ముందంజ. అందరూ గమనించాల్సింది మూడో పెన్ను ఫలితం: ఏ పార్టీదీ కాని ఆ పెన్నుకూ ఒర్టెగాదే ఆధిక్యం వచ్చింది.

భయం ఉన్నచోట ‘ఏ పక్షమూ కాదు’ అన్నమాటను జనం నమ్మరు. ఎవరో తెలియని మనిషి ఫారం పట్టుకుని గడప తొక్కాడంటే ప్రభుత్వమే పంపిందనుకుంటారు. ఇక మీరు చెప్పిన సర్వేలో ఆ అనుమానానికి కూడా చోటు లేదు. పింఛను ఇచ్చే చేతులే ‘పింఛను బాగుందా?’ అని అడుగుతుంటే ‘బాలేదు’ అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? ఆ 90 శాతాన్ని తృప్తి అని రాయడం పేదవాడి జాగ్రత్తను అపార్థం చేసుకోవడమే.

ఆఫ్రికా దేశాల్లో 1999 నుంచి సర్వేలు చేస్తున్న ఆఫ్రోబారోమీటర్ ప్రతి ఇంటర్వ్యూ చివర్లో ‘మమ్మల్ని ఎవరు పంపారనుకుంటున్నారు?’ అని అడుగుతుంది. తాము స్వతంత్ర సంస్థ అని మొదట్లోనే చెప్పినా, ప్రభుత్వం పంపిందనేవారు చాలా చోట్ల కనిపిస్తారు. అలా అనుకున్నవారి జవాబులు పాలకులకు కాస్త అనుకూలంగా ఉంటాయి. ఈ ఒక్క ప్రశ్న మీ ఫారంలోనూ పెట్టండి. తర్వాత రెండు గుంపులనూ విడిగా లెక్కగడితే భయం పాలు ఎంతో కొంత కనిపిస్తుంది. అడిగేవారి తెగ, జవాబిచ్చేవారి తెగ ఒకటే అయినప్పుడు ఒకలా, వేరైనప్పుడు ఇంకోలా జవాబులు వస్తాయని 14 ఆఫ్రికా దేశాల గణాంకాల్లో తేలింది. తెగ స్థానంలో కులం పెట్టి చదువుకుంటే మన పల్లెలకూ వర్తిస్తుంది. సర్వే చేసినవారి కులం, లింగం, వయసు కూడా ప్రతి ఫారంలో నమోదు కావాలని మేం గట్టిగా చెప్పేది ఇందుకే.

క్షేత్రంలో పాటించాల్సినవి చిన్న విషయాలే. సర్పంచ్‌నో వార్డు సభ్యుడినో వెంటబెట్టుకుని ఇళ్లకు వెళ్లొద్దు. ఊళ్లోకి వచ్చామని చెప్పి అనుమతి తీసుకోవడం వేరు, ఆయన్ని గుమ్మం దాకా తీసుకెళ్లడం వేరు. పార్టీ రంగు కండువా, చున్నీ, పెన్ను, బండి మీద స్టిక్కర్ ఏదీ ఉండకూడదు. ఆధార్ నంబరు అడగొద్దు. అడిగిన క్షణం నుంచి జవాబులు మారిపోతాయి.

ప్రశ్న: కోట్ల మంది అభిప్రాయం 1,200 మందిని అడిగితే ఎలా తెలుస్తుంది? మా మండలంలో 400 మందితో సర్వే చేయాలనుకుంటున్నాం. ఇళ్లను ఎలా ఎంచుకోవాలి? – ఎం.ఏ. విద్యార్థులు, అనంతపురం

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. అది నిజమే, గిన్నెలో అన్నమంతా ఒకేలా ఉడుకుతుంది కనుక. ఊరు అలా ఉండదు. ఒక వాడలో ఒక కులం, ఒక ఆర్థిక స్థితి, తరచుగా ఒకే పార్టీ. ఒక వాడలో 20 మందిని అడిగితే 20 అభిప్రాయాలు రావు, ఏడెనిమిదే 20 సార్లు వినిపిస్తాయి. జనాభా ఎంతన్నది కాదు, ఎన్ని వేర్వేరు చోట్ల అడిగామన్నదే అసలు ప్రశ్న.

లెక్కలో చూద్దాం. 400 మందిని పూర్తిగా విడివిడిగా ఎంచుకోగలిగితే తేడా పరిధి 4.9 శాతం. 20 బూత్‌లలో 20 మంది చొప్పున తీసుకుంటే, ఒకే చోటి వారి జవాబుల మధ్య పోలిక (అసలు లేకపోతే 0, అందరిదీ ఒకటే అయితే 1) 0.1 ఉందనుకున్నా, ఆ 400 మంది 138 మందితో సమానం. పరిధి 8 శాతం దాటుతుంది. 40 బూత్‌లలో 10 మంది చొప్పున అయితే 210 మందితో సమానం, పరిధి 6.8 శాతం. సూత్రం తేలికే: బూత్‌కు ఎంతమందో అందులోంచి ఒకటి తీసేసి, పోలికతో గుణించి, ఒకటి కలపండి. వచ్చిన సంఖ్యతో 400ని భాగించండి. ఆఫ్రోబారోమీటర్ ఒక్కో చోట 8 మందినే తీసుకుని 1,200 మంది కోసం 150 చోట్లకు వెళ్లేది ఇందుకే. బస్సు చార్జీలు పెరుగుతాయి, నిజమే. అయినా మీ డబ్బు అక్కడే ఖర్చు పెట్టండి.

ఇక ఎంపిక. మండలంలో 48,000 ఓటర్లు, 52 బూత్‌లు ఉన్నాయనుకుందాం. బూత్‌లను వరుసగా రాసి పక్కన ఓటర్ల సంఖ్యను కూడుకుంటూ పోండి. 48,000ను 40తో భాగిస్తే 1,200. ఒకటి నుంచి 1,200 లోపు ఒక అంకె లాటరీలో తీయండి. 731 వచ్చిందనుకోండి. 731వ ఓటరు, 1,931వ ఓటరు, 3,131వ ఓటరు ఇలా ఎవరు ఏ బూత్‌లో పడితే ఆ బూత్ మీది. పెద్ద బూత్‌కు ఎక్కువ అవకాశం, చిన్నదానికి తక్కువ. ప్రతి ఓటరుకూ మాత్రం సమాన అవకాశం. ఒకే బూత్ రెండుసార్లు పడితే అక్కడ 20 మంది.

బూత్‌లో 10 మంది కావాలంటే 15 పేర్లు తీయండి. 950 మంది ఓటర్లుంటే 63కు ఒకరు. 63 లోపు లాటరీలో 28 వస్తే 28, 91, 154 అలా వెళ్లాలి. ఓటర్ల జాబితా ఇంటి నంబర్ల వరుసలో ఉంటుంది కాబట్టి ఊరి మొదట్లో ఉన్న ఇళ్లూ, చివర్లో ఉన్న కాలనీ కూడా దానంతటదే వచ్చేస్తాయి. జాబితా చివర ఉండే అనుబంధాన్ని మరవకండి. కొత్తగా చేరినవారు, తొలగించినవారు అందులో ఉంటారు. కొత్త కోడళ్లు, 18 నిండినవారు ఎక్కువగా అక్కడే దొరుకుతారు.

ఆ 15 మందినీ కలవడానికే వెళ్లాలి. పదిమంది దొరకగానే ఆపేయకూడదు. మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటివారిని అడగొద్దు. వేళలు మార్చి మూడుసార్లు వెళ్లండి. కూలికెళ్లేవారు ఉదయం 7 గంటల లోపో, సాయంత్రం 7 దాటాకో దొరుకుతారు. పగలు 11 గంటలకు తిరిగితే మీకు కనిపించేది వృద్ధులు, పని దొరకనివారు. కూలీలు, హమాలీలు, ఆటో డ్రైవర్లు మీ లెక్కలోంచి జారిపోతారు. వలస వెళ్లారు, చనిపోయారు, ఒప్పుకోలేదు అని ప్రతి పేరు పక్కనా రాయండి. అనంతపురంలో వలస గడి నిండకపోతే ఆ సర్వేను మేం నమ్మం.

నమ్మదగిన జాబితా లేని దేశాల్లో ఏం చేస్తారని కూడా అడిగారు. ఆఫ్రోబారోమీటర్ వాళ్లు తేదీ అంకెలను కూడతారు. 14వ తేదీ అయితే 1, 4 కలిపి 5, కాబట్టి బయల్దేరిన చోటు నుంచి ఐదో ఇల్లు. ఆ తర్వాత పదేసి ఇళ్లకు ఒకటి. ఒక ఇంట్లో మగవారిని అడిగితే తర్వాతి ఇంట్లో ఆడవారిని. ఆ ఇంట్లో ఎవరన్నది సర్వే చేసేవారి చేతిలో ఉండదు, లాటరీయే చెబుతుంది.

ప్రశ్న: ఆడవాళ్లను అడిగితే ‘నాకేం తెలుసు, ఆయన్నే అడగండి’ అంటున్నారు. ‘తెలియదు’ అని రాసుకోవాలా? – స్వచ్ఛంద కార్యకర్త, మెదక్

వెంటనే రాసుకోవద్దు. ఒక్కసారి, అందరి దగ్గరా ఒకే మాటల్లో, ‘ఇందులో తప్పూ ఒప్పూ లేవమ్మా, మీకేమనిపిస్తే అది చెప్పండి’ అనండి. అప్పటికీ అదే మాట అంటే అప్పుడు రాయండి. రెండోసారి బతిమాలితే ఏదో ఒకటి చెప్పేసి పంపిస్తారు.

అంతకుముందే ఫారం వరుస చూసుకోండి. మొదటి ప్రశ్నే ముఖ్యమంత్రి పేరో, అసెంబ్లీ స్థానాల సంఖ్యో అయితే అది పరీక్షలా అనిపిస్తుంది, ఆమె అక్కడే ముడుచుకుపోతుంది. నల్లా నీళ్లు, రేషన్ బియ్యం, రోడ్డు, ఆసుపత్రితో మొదలుపెట్టండి. వాటి గురించి ఆ ఇంట్లో ఆమెకంటే తెలిసినవారు లేరు. ఆడవారిని ఆడవారే అడగాలి. ఇద్దరు కలిసి వెళితే ఒకరు ఆమెతో మాట్లాడుతుంటే మరొకరు భర్తతోనో అత్తతోనో వేరే ముచ్చట పెట్టొచ్చు. పక్కన ఎవరైనా ఉన్నారా, మధ్యలో జవాబు అందించారా అన్నది ఫారం చివర తప్పక గుర్తించండి.

ఫోన్ సర్వేతో ఈ బాధ తప్పుతుందనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు 54 శాతమే. మిగతా వారి ఇళ్లకు ఫోన్ చేస్తే తీసేది ‘ఆయనే’.

ప్రశ్న: విదేశీ సర్వేల ప్రశ్నలను తెలుగులోకి మార్చి వాడుకోవచ్చా? – పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

వాడుకోవచ్చు, మాటకు మాట మార్చకపోతే. ‘మీకు రాజకీయాలంటే ఆసక్తి ఉందా?’ అన్న ప్రశ్ననే తీసుకోండి. పల్లెలో ‘రాజకీయం చేయకు’ అంటే కుట్ర చేయకు అని అర్థం. ‘మాకెందుకండీ రాజకీయాలు’ అని చెప్పిన మనిషే గ్రామసభలో లేచి నిలదీస్తాడు. సెనెగల్‌లో వోలోఫ్ మాట్లాడేవారు ప్రజాస్వామ్యాన్ని ఫ్రెంచి మాట నుంచి తీసుకుని ‘డెమొకరాసి’ అంటారు. వారికి అందులో ఎన్నికల పోటీ కంటే ఒకరికొకరు సాయపడటం, కలిసి ఉండటం అన్న అర్థం బలంగా ధ్వనిస్తుందని పరిశోధనలో బయటపడింది. ఆ దేశంలో ప్రజాస్వామ్యానికి మద్దతు ఇంత శాతం అని రాసేముందు ఏ అర్థానికి మద్దతు అని అడగాలి కదా!

ఒకరు తెలుగు చేయాలి, అసలు ప్రశ్న చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, తేడా వచ్చిన చోట ఇద్దరూ కూర్చోవాలి. తర్వాత 20, 30 మంది దగ్గర ప్రయత్నించి ‘ఈ ప్రశ్న మీకు ఏమని అర్థమైంది?’ అని అడగాలి. ఈ చివరి అడుగునే అందరూ వదిలేస్తారు.

తెలుగులో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన మాట ‘ఫర్వాలేదు’. బాగుందనడానికీ అదే, సర్దుకుపోతున్నామనడానికీ అదే. ఒక విద్యార్థి దాన్ని ‘బాగుంది’ గడిలో, ఇంకొకరు ‘మధ్యస్థం’ గడిలో వేస్తారు. ‘ఫర్వాలేదు’ అన్న ప్రతిసారీ ‘బాగున్నట్టా, ఏదో నెట్టుకొస్తున్నట్టా?’ అని అడగాలని శిక్షణలోనే తేల్చేయండి. ఐదు గడుల స్కేలు కూడా నోటితో చదివితే నిలవదు. ముందు ‘ఒప్పుకుంటారా, లేదా’ అని అడిగి, తర్వాత ‘పూర్తిగానా, కొంతవరకేనా’ అనండి. జీవితం ఎలా ఉందని అడగడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ తయారుచేసిన సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన బొమ్మ ఇప్పటికీ మంచి సాధనం. నిచ్చెన ఎరగని ఇల్లు లేదు.

ప్రశ్న: విద్యార్థులు చెట్టుకింద కూర్చుని ఫారాలు నింపేస్తే ఎలా పట్టుకోవాలి? – ఎన్‌జీవో సమన్వయకర్త, విజయవాడ

ముందు కూలి చూడండి. ఫారానికి ఇంత అని ఇస్తే చెట్టు నీడ పిలుస్తుంది. రోజుకు ఇంత అని ఇచ్చి, రోజుకు ఐదారు ఇంటర్వ్యూలకు మించొద్దని చెప్పండి. నూటికి 10 నుంచి 15 ఇళ్లకు మరొకరిని పంపి రెండు మూడు ప్రశ్నలు మళ్లీ అడిగించండి. అడిగేవి వయసు, ఇంట్లో ఎంతమంది వంటి మారనివి కావాలి. అభిప్రాయం రెండు రోజుల్లో నిజంగానే మారొచ్చు.

ట్యాబ్‌లో సమయం, లొకేషన్ చూడండి. 40 నిమిషాల ఫారం 9 నిమిషాల్లో అయిపోతే ప్రశ్నించాలి. రెండు ఫారాల జవాబులు 85 శాతానికి పైగా ఒకేలా ఉంటే అనుమానించమని కొందరు పరిశోధకులు సూచించారు. దీన్ని గుడ్డిగా వాడొద్దు. చిన్న ఫారం, ఒకే వాడ అయితే నిజాయతీగా అడిగినా పోలిక వస్తుంది.

మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ దశాబ్దాల క్రితమే ఇంతకంటే మంచి దారి చూపారు. ఒకే ప్రాంతంలోని ఇళ్లను లాటరీతో రెండు భాగాలు చేసి, ఇద్దరు వేర్వేరు సర్వేయర్లకు ఇవ్వండి. రెండు భాగాల ఫలితాలు దగ్గరగా రావాలి. రాకపోతే తేడా ఊళ్లో లేదు, మనుషుల్లో ఉంది. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ప్రశ్న: వాట్సాప్ పోల్‌లో 20,000 మంది ఓటేశారు. 1,200 మంది సర్వే కంటే అదే నమ్మకం కాదా? – పాఠకుడు, గుంటూరు

కాదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నిక ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడిపోతారని రాసింది. ఆయన ఘనంగా గెలిచారు. ఎవరు జవాబివ్వాలో వారంతట వారే నిర్ణయించుకున్న లెక్కను సంఖ్య పెంచి సరిచేయలేం.

ప్రశ్న: ఓట్ల శాతం దాదాపు సరిగ్గా చెప్పిన సర్వేలు కూడా సీట్లలో ఎందుకు తప్పుతాయి? – ఉపాధ్యాయుడు, కాకినాడ

మన రాష్ట్రమే మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాలు. 2019లో తెలుగుదేశానికి 39.2 శాతం ఓట్లు, 23 స్థానాలు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.4 శాతం ఓట్లు, 11 స్థానాలు. ఓట్ల శాతం ఇంచుమించు ఒకటే, సీట్లు సగం కూడా లేవు. ఎదుటి ఓట్లు చీలాయా, కూటమిలో కలిశాయా అన్నదాన్ని బట్టి సీట్లు మారిపోతాయి. 3 శాతం అటూ ఇటూ ఉన్న సర్వే నుంచి ‘ఈ పార్టీకి 104 సీట్లు’ అని ఒక్క అంకె చెప్పేవారిని నమ్మకండి. సర్వే ఎవరు చేశారు, ఏ తేదీల్లో, ఎన్ని చోట్ల, నేరుగానా ఫోన్‌లోనా, డబ్బు ఎవరిది అన్న ఐదు వివరాలు ఇవ్వకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

చట్టం సంగతీ అడిగారు: ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ ప్రకారం తొలి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిశాక అరగంట వరకు ఎగ్జిట్ పోల్ చేయడం, ఫలితం బయటపెట్టడం నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.